హాంబుర్గ్‌లో అమ్మ గడిపిన పగలు

అమ్మ సమాధి మీద రాయి తీసేస్తారని తెలిసి, ఆ రోజుకి అందుకునేలా పిన్ని ఏలూరు నుంచి బ్రెమెన్ వచ్చింది. ఈ దేశంలో శ్మశానంలో చోటు శాశ్వతం కాదు. ఇరవై, పాతికేళ్ళకని ఇస్తారు, గడువు తీరాక రాయి తీసేసి, నేల చదును చేసి, గడ్డి విత్తనాలు చల్లుతారు. వరసలో ఉండే మామూలు సమాధులకైతే గడువు పొడిగించుకునే వీలు కూడా లేదు. ఈ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. పిన్నికి ఫోన్లో చెప్పినప్పుడు మాత్రం, పేరున్న రాయి కూడా ఉంచరా అని రెండుసార్లు అడిగింది. తర్వాత, "నేనొచ్చేదాకా ఆపుతారేమో అడగవే" అంది. ఆపారు. ఇద్దరు పనివాళ్ళు చిన్న యంత్రంతో రాయి ఎత్తి బండిలో పెట్టుకుని వెళ్ళిపోయాక, పిన్ని ఆ తడిమట్టి పక్కన చెప్పులు విడిచి నిలబడింది. ప్రార్థన చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. బ్రెమెన్‌లో మాకిప్పుడు ఇల్లు లేదు, నేనుండేది హైడెల్‌బర్గ్‌లో. అందుకని హోటల్లో దిగాం. ఆ సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని తనే అంది. "అక్క ఆఖర్లో ఎప్పుడు ఫోన్ చేసినా హాంబుర్గ్ చూశానే, హాంబుర్గ్ చూశానే అనేది. ఏం చూసిందో చెప్తానే ఉండేది, నేను ఏడుస్తా సరిగ్గా వినలేదు. నాకా ఊరు చూపిచ్చు."

బ్రెమెన్‌కి హాంబుర్గ్ రైల్లో గంట దూరం. అయినా అమ్మ పోయాక నేను ఒక్కసారి కూడా ఆ ఊళ్ళో దిగలేదు. పనిమీద ఉత్తరాదికి వెళ్ళాల్సి వచ్చినా ఆ స్టేషన్లో బండి ఆగినప్పుడు పుస్తకంలోంచి తల ఎత్తేదాన్ని కాదు. పిన్ని అడిగేసరికి కాదనలేకపోయాను.

మేం జర్మనీ వచ్చేసరికి నాకు ఎనిమిదేళ్ళు. నాన్నకి బ్రెమెన్‌లో విమానాల రెక్కలు తయారుచేసే చోట ఉద్యోగం. అంతకు ముందు ఏలూరులో అమ్మకీ ఉద్యోగం ఉండేది. సివిల్ ఇంజనీరింగ్ చదివి, ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి, కాలవల మీద చిన్న వంతెనలు కట్టించేది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని స్కూటర్ మీద సైటుకి వెళ్తుంటే గట్టు మీద జనం నిలబడి చూసేవారని పిన్ని చెప్పగా విన్నాను. నాకు గుర్తున్న అమ్మ ఆ అమ్మ కాదు. నాకు గుర్తున్నది బ్రెమెన్‌లో మూడో అంతస్తు వంటింట్లో, స్వెట్టర్ మీద చీర కొంగు బిగించి, నడి చలికాలంలో కిటికీ బార్లా తెరిచి తాలింపు వేసే మనిషి. తాలింపు వాసన మెట్ల మీదకి వస్తోందని కింది ఇంటామె ఒకసారి తలుపు కొట్టి చెప్పి వెళ్ళింది. అప్పటి నుంచి అమ్మ ఆవాలు నూనెలో వేసే ముందు కిటికీ తెరిచేది. చల్లగాలి కత్తిలా లోపలికి వచ్చేది. ఇంగువ వాసన, తడిసిన ఉన్ని కోట్ల వాసన, హీటరు మీద ఆరేసిన సాక్సుల వాసన కలిసి మా ఇల్లు ఒకలా ఉండేది. ఇడ్లీ పిండి ఆ చలికి పొంగేది కాదు. దుప్పటి చుట్టి హీటరు పక్కన పెట్టి, రోగిష్టి బిడ్డని చూసినట్టు మధ్యమధ్య వెళ్ళి చూసేది.

నాన్న సాయంత్రం వచ్చాక బూట్లు తుడిచి వరసలో పెట్టి, చేతులు కడుక్కుని, బైబిల్ వాక్యం చదివేవాడు. ముగ్గురం మోకరించేవాళ్ళం. నాన్న ప్రార్థన పొడుగ్గా ఉండేది. ఉద్యోగం కోసం, వీసా కోసం, నర్సాపురంలో ఉన్న తన అన్నదమ్ముల కోసం, నా చదువు కోసం. అమ్మ కోసం ఏం అడిగేవాడో గుర్తులేదు, ఆరోగ్యమనే అనుకుంటాను. భోజనాలయ్యాక అమ్మ టేబుల్ దగ్గర కూర్చుని, సూపర్ మార్కెట్ వాళ్ళు పోస్టు డబ్బాలో వేసే రంగుల కాగితాల వెనక పెన్సిల్‌తో మా ఫ్లాటు ప్లాను గీసేది. "ఈ గోడ ఇటు జరిపితే వంటింటికి వెలుతురు వస్తుంది చూడు" అనేది. గోడ జరపడం మన చేతిలో లేదని నాన్న నవ్వేవాడు. అమ్మా నవ్వి, ఆ కాగితంలోనే కూరగాయల తొక్కలు చుట్టి పారేసేది. మొదట్లో తన చదువు ఇక్కడ చెల్లుతుందేమో అని ఒక ఆఫీసుకి వెళ్ళి అడిగింది. ఇంకొన్ని కోర్సులు చదవాలన్నారు. జర్మన్ క్లాసుల్లో చేరింది కూడా. నేను చిన్నదాన్ని, నాన్నకి పని ఎక్కువ, వచ్చే ఏడాది చూద్దాంలే అనుకున్నారు. వచ్చే ఏడాది అలా వస్తూనే ఉంది.

నేను పదో తరగతిలో ఉండగా అమ్మకి కడుపునొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని వాము నమిలింది. తర్వాత తిండి తగ్గింది, మనిషి తగ్గింది, జాకెట్లు వదులయ్యాయి. బ్రెమెన్‌లో పరీక్షలు చేసి, హాంబుర్గ్‌లో పెద్ద ఆసుపత్రికి పంపారు. అక్కడ టెర్మిన్, అంటే డాక్టర్ని చూసే అపాయింట్‌మెంట్, దొరికిన రోజు మాకు ఆకురాలు కాలపు సెలవులు. ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేనని నేనూ వెంటపడ్డాను. అమ్మ పొద్దున్నే లేచి పులిహోర కలిపి స్టీలు డబ్బాలో సర్దింది. ఆసుపత్రికి పులిహోర ఏమిటని నాన్న విసుక్కున్నాడు. "ఆకలి ఆసుపత్రిలో మాత్రం వెయ్యదా?" అంది అమ్మ.

డాక్టరు నడివయసు ఆడమనిషి. నన్ను బయట కూర్చోమని నాన్న అన్నాడు గానీ, "దాన్నీ రానివ్వండి, ఎట్లాగూ తెలిసేదేగా" అని అమ్మ నా చెయ్యి వదల్లేదు. డాక్టరు ఇంగ్లీషులోనే నిదానంగా చెప్పింది. జబ్బు ప్యాంక్రియాస్‌లో మొదలై లివర్ దాకా పాకింది. ఆపరేషన్‌కి వీల్లేదు. మందులతో కొంతకాలం ఆపొచ్చు, తగ్గించలేం. నాన్న అదే ప్రశ్నని మాటలు మార్చి మార్చి అడిగాడు. ఇంకో డాక్టరు? ఇంకో దేశం? అమెరికాలో? ఆమె ప్రతిసారీ అంతే ఓపికగా తల అడ్డంగా ఊపింది. అమ్మ మాత్రం ఒకటే అడిగింది, నొప్పి ఎట్లా ఉంటుందని. డాక్టరు కళ్ళజోడు తీసి, చాలా ఉంటుంది, దానికి మా దగ్గర మందులున్నాయి, ఓర్చుకోవద్దు, అడగండి అంది. ఆ గదిలో నాకు గుర్తున్న వస్తువు ఒక్కటీ లేదు. అమ్మ చెయ్యి నా చేతిలో చెమట పట్టకుండా, పొడిగా, మామూలుగా ఉండటం మాత్రం గుర్తుంది.

బయటికి వచ్చాక నాన్న స్టేషన్ వైపు నడవడం మొదలుపెట్టాడు. అమ్మ ఆగిపోయింది.

"టికెట్టు సాయంత్రం దాకా పనికొస్తుందిగా. ఊరు చూసి వెళ్దాం."

"ఇప్పుడా రత్నం?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడండీ?"

నాన్న వెనక్కి వచ్చి అమ్మ చేతిలో సంచీ అందుకున్నాడు. అసలు అన్నేళ్ళలో మేం ఊళ్ళు చూసింది తక్కువ. సెలవులొస్తే ఇండియా వెళ్ళేవాళ్ళం, లేదంటే ప్రార్థన కూటాలకి వేరే ఊళ్ళలో తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, అక్కడా వంటిళ్ళలోనే కూర్చుని వచ్చేవాళ్ళం. ఆ పూట అమ్మ స్టేషన్ దగ్గర ఊరి మ్యాపు ఒకటి తీసుకుని, గోడకి ఆనించి చూసి, ఎటు వెళ్ళాలో తనే తేల్చింది. మేమిద్దరం వెనక నడిచాం.

ముందు ఒక పెద్ద ఇటుకల భవనం దగ్గరికి తీసుకెళ్ళింది. ఓడ ముక్కులా ఒక మూల సూదిగా తేలి, ఆకాశంలోకి దూసుకుపోయినట్టు ఉంటుంది. కాలేజీలో ఉండగా దీని ఫొటో ఒక మాస్టారు చూపించాడట, ఎక్కడుందో అప్పుడు పట్టించుకోలేదట. అమ్మ దగ్గరికి వెళ్ళి గోడ మీద అరచెయ్యి పెట్టింది. ఆ ఇటుకలు ఒక్కటీ ఇంకోదానిలా లేవు. కొన్ని వంకర, కొన్ని నల్లగా మాడినట్టు, కొన్ని ఊదారంగు. "బట్టీలో ఎక్కువ కాలితే ఇట్లా అయిపోతాయి. మా కాంట్రాక్టరు ఇట్లాంటివి తెస్తే లారీ వెనక్కి పంపేదాన్ని" అంది. "వీళ్ళు కావాలని వీటితోనే కట్టారు చూడు. నీళ్ళు పీల్చవు, చెక్కుచెదరవు." గోడ వెంట మెల్లగా నడుస్తూ, ఇటుక నిలువుగా ఎక్కడ పెట్టారో, అడ్డంగా ఎక్కడ పెట్టారో నాకు వేలుపెట్టి చూపించింది. నేను గోడ చూడలేదు. ఆసుపత్రిలో విన్న మాటలు మర్చిపోయిందా, లేక మా కోసం నటిస్తోందా అని ఆమె ముఖమే చూస్తున్నాను. రెండూ కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

అక్కడి నుంచి కాలవల మధ్య ఉన్న పాత గోదాముల వీధికి వెళ్ళాం. ఎర్రటి గోడలు నేరుగా నీళ్ళలోంచి లేచినట్టుంటాయి. తివాచీలు, కాఫీ గింజలు నిలవచేసే చోటు అది, వీధంతా గోనెసంచుల వాసన. అమ్మ వంతెన మీద ఒంగి నీళ్ళలోకి చూస్తూ, కింద అంతా బురదేనని, దుంగలు దిగేసి వాటి మీద ఇంత బరువూ నిలబెట్టారని చెప్పింది. "మన కాలవల దగ్గరా ఇదే బాధ. నల్లమట్టి, ఎంత తవ్వినా గట్టి నేల తగలదు. కర్ర నీళ్ళలో మునిగున్నంతకాలం పాడవదే చిన్నీ. గాలి తగిలితేనే పుచ్చిపోద్ది." నాన్న కాస్త దూరంలో వంతెన కమ్మీలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. అమ్మ చూసింది. కాసేపు ఏడవనిచ్చింది.

మధ్యాహ్నం తిండికి కూర్చున్నది కప్పులేని చర్చిలో. యుద్ధంలో బాంబులు పడి కూలిపోగా, నల్లటి శిఖరం ఒక్కటే మిగిలిన గుడి అది. గోడల మొండాలు, కిటికీల ఖాళీ చట్రాలు అలాగే ఉంచేశారు. ఒకప్పుడు జనం మోకరించిన చోట ఇప్పుడు రాళ్ళ మధ్య గడ్డి. బల్ల మీద కూర్చుని అమ్మ డబ్బా తెరిచి మా ఇద్దరికీ పెట్టింది. తను రెండు ముద్దలు తిని ఆపేసింది. నాన్న తినలేదు. కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన మొదలుపెట్టాడు. ఇది మన విశ్వాసాన్ని పరీక్షించే శోధన అనీ, దేవుడు అద్భుతం చేస్తాడనీ, ఉపవాస ప్రార్థనలు పెట్టిస్తాననీ, వెంటనే ఉద్యోగానికి సెలవు పెట్టి ఇండియా తీసుకెళ్తాననీ. అటూ ఇటూ వెళ్ళేవాళ్ళు తిరిగి చూస్తున్నారు. అమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఇక్కడొద్దండీ."

"విశ్వాసం ఉంచు రత్నం. అడిగితే ఇస్తాడు."

"బాంబులు పడేటప్పుడు ఇందులోనూ అడిగే ఉంటారు కదండీ."

నాన్న కళ్ళు తెరిచాడు. అంతవరకూ మా ఇంట్లో అలాంటి మాట ఎవరూ అనలేదు. ఆయన ముఖం చూసి నాకు భయం వేసింది. అమ్మ గొంతు పెంచలేదు. "నేను ఎక్కడికీ రాను. దీని చదువు మధ్యలో ఆపొద్దు. మందులిస్తే వేసుకుంటా, నొప్పి తట్టుకోలేనప్పుడు డాక్టర్ని అడగండి, ప్రార్థన చాలని ఊరుకోకండి. పోయాక ఇక్కడే పెట్టండి. శవాన్ని పెట్టెలో వేసి అంత దూరం తిప్పొద్దు" అని ఒకదాని తర్వాత ఒకటి, సరుకులు చెప్పినట్టు చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "తినవే, మెతుకులు వదలొద్దు" అంది. నేను తిన్నాను. చింతపండు పులుపు ఇప్పటికీ ఆ రాళ్ళ మధ్య రుచిగానే గుర్తొస్తుంది నాకు.

తర్వాత రేవు వైపు నడిచాం. అప్పట్లో అక్కడ పాత గిడ్డంగులు పడగొట్టి కొత్త పేట కడుతున్నారు. కంచె అవతల క్రేన్లు, బురద, నేలలోకి ఇనుప దూలం దిగేస్తున్న పెద్ద యంత్రం. దెబ్బ పడ్డప్పుడల్లా మా కాళ్ళ కింద నేల అదిరేది. అమ్మ కంచె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. చలిగా ఉంది, వెళ్దాం అని నాన్న రెండుసార్లు అన్నా కదల్లేదు. హెల్మెట్ పెట్టుకున్న ఒక యువతి గేటు దగ్గరికి వచ్చి, ఏమైనా కావాలా అని జర్మన్‌లో అడిగింది. ఊరికే చూస్తున్నామని, మా అమ్మ ఇంజనీరుగా ఉండేదని నేను చెప్పాను. ఉండేది అనడానికి వాళ్ళ భాషలో 'వార్' అంటారు.

అమ్మ వెంటనే నా భుజం తట్టింది. "వార్ ఏంటే? నేనింకా ఉన్నాగా." ఆ అమ్మాయి వైపు తిరిగి తనే అంది. "ఇష్ బిన్ ఇంజెన్యోరిన్." నేను ఇంజనీర్ని.

ఆ అమ్మాయి అమ్మని ఒకసారి పరీక్షగా చూసింది. కోటు కింద చీర అంచు, వదులైపోయిన ముఖం. అప్పుడు చెయ్యి చాచి, తన పేరు చెప్పి, ఏం కట్టేవారు అని అడిగింది. వంతెనలు, కాలవల మీద, అంది అమ్మ. నేను అనువదించబోతే అక్కర్లేదని చేత్తో ఆపింది. తప్పులతడక జర్మన్, మధ్యలో ఇంగ్లీషు, అదీ చాలకపోతే గాల్లో వేలితో గీతలు. నేల ఎంత లోతున గట్టిపడుతుంది, పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి, ఇనుముకి తుప్పు సంగతేంటి. ఆ అమ్మాయి తన కారులోంచి ఇంకో హెల్మెట్ తెచ్చి ఇచ్చి, గేటు తీసి లోపలికి రానిచ్చింది. అమ్మ దాన్ని మఫ్లర్ మీదే పెట్టుకుని, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి బురదలోకి దిగింది. నేనూ నాన్నా కంచె ఇవతల ఉండి చూశాం. అమ్మ ఏదో అడిగింది, ఆ అమ్మాయి నవ్వింది, అమ్మ కూడా నవ్వింది. వంటింట్లో ప్లాను గీసిన కాగితం నలిపేటప్పటి నవ్వు కాదు అది. నాన్న నా పక్కన నిలబడి, "మీ అమ్మ పెళ్ళిచూపుల నాడు ఇట్లాగే ఉంది" అని చాలా మెల్లగా అన్నాడు. ఆయన ఇంకేదో అనబోయాడు. అంతలో లోపల అమ్మ కడుపు పట్టుకుని ఒంగిపోయింది. మేం పరిగెత్తేలోపు ఆ అమ్మాయి అమ్మని పట్టుకుని ఇటుకల కుప్ప మీద కూర్చోబెట్టింది. నొప్పి తగ్గేదాకా అమ్మ కళ్ళు మూసుకుని, హెల్మెట్ తియ్యకుండా, యంత్రం కొట్టే దెబ్బలు వింటూ కూర్చుంది.

తిరుగు బండిలో అమ్మ నిద్రపోయింది. బూట్లకి అంటిన బురద ఎండి పెట్టె నేల మీద రాలింది. నాన్న జేబురుమాలుతో ఆ మట్టి ఎత్తడం మొదలుపెట్టి, సగంలో ఆపేసి, రుమాలు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఆ చలికాలమంతా మా ఇంట్లో మందుల వాసన. చాలాచోట్ల నుంచి తెలుగువాళ్ళు వచ్చి పాటలు పాడి, ప్రార్థన చేసి, కూరల డబ్బాలు పెట్టి వెళ్ళేవారు. అమ్మ తినలేకపోయేది. నొప్పి డాక్టరు చెప్పినంతా ఉంది. అడిగిన మందు ఇప్పించడంలో నాన్న ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు, ఆ సంగతి ఆయన గురించి చెప్పి తీరాలి. ఈస్టర్ రాకముందే అమ్మ పోయింది. ఆమె కోరినట్టే బ్రెమెన్‌లో పెట్టాం. సమాధికి గడువు ఉంటుందని అప్పుడు మాకు తెలియదు. నాన్న రిటైరయ్యాక నర్సాపురం వెళ్ళిపోయాడు, అక్కడే పోయాడు, అక్కడే పెట్టారు. బతికినన్నాళ్ళూ హాంబుర్గ్ ఊసు ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు మా ప్రార్థన కూటాల్లో మొహాలు మారిపోయాయి. గుంటూరు నుంచి, ఖమ్మం నుంచి వచ్చిన ఆడపిల్లలు బ్లూ కార్డు ఉద్యోగ వీసా తమ పేరు మీదే తెచ్చుకుంటున్నారు. ఒకమ్మాయి హాంబుర్గ్‌లోనే సైట్ ఇంజనీరు. మొన్న ఎవరో, "నీకు అన్‌మెల్డుంగ్ టెర్మిన్ దొరికిందా?" అని మున్సిపాలిటీలో అడ్రసు నమోదు సంగతి అడిగితే, "దొరికింది గానీ ఆ రోజు కాంక్రీటు పోయాలక్కా, మా ఆయన్ని పంపిస్తా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి, ఆ పిల్ల మీద ఏ కారణం లేకుండా వచ్చిన కోపం పోవడానికి చాలాసేపు పట్టింది. ఈ మధ్యే అమ్మ చేరని వయసులోకి నేను వచ్చాను. ఆమె నాకన్నా చిన్నదై ఆ బురదలో నిలబడి ఉందని తలుచుకుంటే, అమ్మ మీద దిగులు కాదు, ఒక చిన్న పిల్లకి జరిగిన అన్యాయం చూసినట్టు ఉంటుంది.

పిన్నికి ఆ ఊరు చూపించాను. మాడిన ఇటుకల భవనం, గోదాముల వీధి, కప్పులేని చర్చి అన్నీ ఉన్నాయి. కొత్త పేట మాత్రం గుర్తుపట్టలేకపోయాను. ఎటు చూసినా అద్దాల మేడలు, బాల్కనీల్లో పూలకుండీలు, కాఫీ తాగే జనం. అప్పుడు ఖాళీగా పడున్న ఒక పాత గిడ్డంగి నెత్తిన ఇప్పుడు అలల్లాంటి అద్దాల సంగీతశాల. అమ్మ చూసిన దూలం ఏ మేడ కింద ఉందో నాకు తెలియదు. పిన్ని అడిగితే ఒక మేడ చూపించాను, అదే అయ్యుండొచ్చని. పిన్ని దాన్ని కింద నుంచి పైదాకా చూసి, ఫోన్ బయటికి తీసి, ఫొటో తీయకుండానే లోపల పెట్టుకుంది.

నీళ్ళ పక్కన నడుస్తుంటే గాలికి తల మీద కొంగు బిగించుకుంటూ అడిగింది. "ఈ దేశం రాకపోయుంటే అక్క బతికేదంటావా?"

"లేదు పిన్నీ. ఆ జబ్బు ఏలూరులో వచ్చినా అంతే. ఇంకా ముందే పోయేదేమో."

పిన్ని ఆగి, నేను చూపించిన మేడ వైపు వెనక్కి తిరిగి చూసింది.

"చావు గురించి కాదే నేనడిగింది" అంది.